మేధావులకు డిపాజిట్లు రావు.. నిజమే, అయితే ఏంటి?

"మేధావి" అన్న మాట తెలుగులో ఎప్పటినుంచి తిట్టుగా మారిందో ఎవరైనా భాషాశాస్త్రం చదివినవాళ్ళు చెప్తే బావుణ్ణు. మా అంబాజీపేటలో "పేద్ద మేధావొచ్చేడండీ బాబూ" అన్నారంటే, సదరు మనిషికి కొబ్బరికాయ ఎలా వలవాలో కూడా తెలీదని అర్థం. హైదరాబాదు ఆఫీసుల్లో కాస్త మర్యాదగా "ఆయన మేధావండీ, రాజకీయాలకి సరిపోరు" అంటారు. రెండూ ఒకటే.

ఎన్నికలు దగ్గరపడితే మా టీములో భోజనాల దగ్గర ఈ చర్చ ఖాయం. ఎవరో ఒకరు మొదలెడతారు. "2009లో లోక్‌సత్తాకి ఏమయ్యింది? 294 సీట్లలో ఒక్క కూకట్‌పల్లి. అది కూడా మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎక్కువున్న చోటు కాబట్టి. 2014లో మల్కాజ్‌గిరిలో జేపీ గారే ఓడిపోయారు. ఉద్యమాన్ని నడిపించిన ప్రొఫెసర్ కోదండరాం గారి పార్టీకి 2018లో ఒక్క సీటూ రాలేదు. చదువుకున్నవాళ్ళు రాజకీయాల్లో చెయ్యగలిగింది ఏమీ లేదు బాస్." ఇంతటితో చర్చ అయిపోతుంది, అందరూ చేతులు కడుక్కోడానికి లేస్తారు.

ఈ లెక్కలన్నీ నిజమే. కాదనడానికి లేదు. నా గొడవల్లా, లెక్క కట్టే పద్ధతితోనే. సీట్లు లెక్కపెట్టి మేధావి ప్రభావం కొలవడం అంటే, రాసిన లైన్లు లెక్కపెట్టి ప్రోగ్రామర్ని కొలవడం లాంటిది. మన మేనేజర్లు ఆ పని చేస్తే మాత్రం తిట్టుకుంటాం :)

ఒక ఉదాహరణ. 2024 ఎన్నికలప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నా. కొబ్బరి మార్కెట్ దగ్గర టీ కొట్లో ఇద్దరు పెద్దవాళ్ళు పేపరు ముందేసుకుని, ఫలానా అభ్యర్థికి ఎన్ని కోట్లు, అయిదేళ్ళలో ఎంత పెరిగింది, ఎన్ని కేసులు అని తీరిగ్గా వాదించుకుంటున్నారు. "కారు లేదని రాశాడు చూడండి, ఆయ్! మరి తిరిగేదెందులోనంట?" అని ఒకాయన నవ్వుతున్నాడు. అఫిడవిట్ అనేది ఎండాకాలం మామిడికాయల్లా ఎన్నికలొస్తే దానంతటదే వచ్చేస్తుందన్నట్టు మాట్లాడుతున్నారు.

కానీ అది దానంతటది రాలేదు. 1999 ఎన్నికల్లో లోక్‌సత్తా నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితాలు బయటపెట్టింది. అప్పుడది పార్టీ కాదు, ఐఏఎస్ వదిలేసి 1996లో బయటికొచ్చిన ఒక డాక్టరు గారి ఉద్యమం. అదే ఏడాది అహ్మదాబాద్ ఐఐఎంలో కొందరు ప్రొఫెసర్లు ఏడీఆర్ అనే సంస్థ పెట్టి ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు. 2002 మే 2న సుప్రీంకోర్టు, అభ్యర్థి గురించి తెలుసుకోవడం ఓటరు హక్కు అంది. పార్టీలన్నీ ఒక్కటై (ఇలాంటప్పుడు ఎంత ఐకమత్యమో!) చట్టాన్ని సవరించి ఆ తీర్పుని నీరుగార్చబోయాయి. అప్పుడు మళ్ళీ కోర్టుకి వెళ్ళినవాళ్ళలో పీయూసీఎల్, ఏడీఆర్‌లతో పాటు లోక్‌సత్తా కూడా ఉంది. 2003 మార్చి 13న ఆ సవరణని కోర్టు కొట్టేసింది.

టీ కొట్లో ఆ ఇద్దరిలో ఏ ఒక్కరూ లోక్‌సత్తాకి ఓటేసి ఉండరని నేను పందెం కాస్తా. కానీ వాళ్ళు వాదించుకుంటున్న సరుకంతా ఆ "డిపాజిట్లు రానివాళ్ళు" తెచ్చిపెట్టిందే. దీన్ని ఓటమి అందామా?

అలాగని ఇదంతా విజయగాథ అని నేననడం లేదు. అఫిడవిట్లు వచ్చాక కేసులున్నవాళ్ళు గెలవడం ఆగిందా? ఆగలేదు. జనానికి సమాచారం ఇస్తే చాలు, మంచివాణ్ణే ఎన్నుకుంటారు అన్నది చదువుకున్నవాళ్ళ నమ్మకం. తన కేసు కోసం పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పే నాయకుడు కావాలనుకునే ఓటరుకి, ఆ నాయకుడి మీద పది కేసులుండటం లోపం కాదు, అర్హత. ఇది జేపీ గారికి తెలియక కాదు. ఆయన పార్టీకి ఓటేసిన మనకే తెలీదు.

అదలా ఉంచితే, ఒక ఆలోచన ఊళ్ళోకి ఎలా వస్తుందో, వచ్చాక ఏమవుతుందో మా వైపు జరిగిన ఇంకో సంగతి చెప్తా.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. లక్ష ఎకరాలకి అటూ ఇటూగా నాట్లు పడలేదు. దేశమంతా వింతగా చూసింది, గోదావరి పక్కన నీళ్ళుండి కూడా వరి వెయ్యకపోవడమేంటని. ప్రభుత్వం మోహన్ కందా గారి కమిటీ వేసింది. అప్పుడు నేను ఇంకా స్కూల్లో ఉన్నా. మా ఇంట్లో, మా పెదనాన్న గారి అరుగు మీద, ముక్కామల వెళ్ళే ఆటోలో, ఎక్కడ విన్నా ఒకటే మాట - "ఖర్చు మీద యాభై శాతం". ఎవరి నోట విన్నా అంకె మారదు. స్వామినాథన్ గారి పేరు తెలియనివాళ్ళు కూడా "యాభై శాతం" అనేవారు.

ఆ యాభై శాతం 2004-06 మధ్య ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన నడిచిన జాతీయ రైతు కమిషన్ సిఫారసు. ఒక శాస్త్రవేత్త రాసిన నివేదికలోని వాక్యం అయిదేళ్ళలో మురుగు కాలవల పక్కన చేలు మునిగే రైతు నోటికొచ్చింది. ఏ పార్టీ మోసుకొచ్చింది? ఏ పార్టీ కాదు. రైతు సంఘాలు, జిల్లా ఎడిషన్ విలేకర్లు, రిటైరైన వ్యవసాయాధికారులు, నివేదికలు తెలుగులో చదివి చెప్పే ఒకరిద్దరు మాస్టార్లు. మేధావికీ జనానికీ మధ్య ఉండే ఈ జనాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో అసలు పని చేసేది వీళ్ళే.

ఇక తర్వాత కథ మన ఐటీ వాళ్ళకి బాగా పరిచయమైనదే. 2018 ఫిబ్రవరి బడ్జెట్లో ఆర్థికమంత్రి జైట్లీ గారు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు మద్దతు ధర ఇస్తున్నాం అన్నారు. రిక్వైర్‌మెంట్ క్లోజ్డ్! తీరా చూస్తే "ఖర్చు" అన్న మాటకి నిర్వచనం వేరు. చేతినుంచి పెట్టిన ఖర్చూ, ఇంటిల్లిపాదీ పడే చాకిరీకి కట్టిన విలువా కలిపితే ఒక లెక్క. దానికి సొంత భూమి కౌలు విలువా, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే ఇంకో లెక్క, సీ2 అంటారు. రైతులు అడిగేది రెండోది. ప్రభుత్వం ఒకటిన్నర రెట్లు కట్టింది మొదటిదాని మీద. క్లయింటు అడిగిన ఫీల్డు పేరు అదే పెట్టి లోపల వేరే విలువ నింపి డెలివరీ ఇచ్చినట్టు. టెస్టు కేసు పాసైపోయింది.

రాజకీయం మేధావిని ఎదిరించదు, ఇది గమనించాలి. ఎదిరిస్తే ఆయనకి పేరొస్తుంది. ఆయన మాట తీసుకుంటుంది, అర్థం మార్చుకుంటుంది. స్వామినాథన్ గారు 2023 సెప్టెంబరులో పోయినప్పుడు అన్ని పార్టీలూ నివాళులర్పించాయి.

సరే, ఇప్పటిదాకా చెప్పింది తేలిక విషయం. కష్టమైనది ఇప్పుడు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. మాది కోనసీమ జిల్లా అయ్యింది, అందరం సంతోషించాం. మే 18న డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా పేరు మారుస్తూ, అభ్యంతరాలకి ముప్ఫై రోజులు గడువిస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చారు. మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి పినిపే విశ్వరూప్ గారి ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ గారి ఇల్లు, బస్సులు. ఒక మంత్రి ఇంటిని ఆయన సొంత ఊళ్ళోనే కాల్చారు. జూన్ 24న మంత్రివర్గం ఆ పేరునే ఖాయం చేసింది.

ఆ రోజుల్లో నేను ఇంటినుంచే పని చేస్తున్నా. నెట్ ఆపేశారు. కొన్ని మండలాల్లో రెండు వారాలకి దగ్గరగా లేదు. పొద్దున్నే బండేసుకుని రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళ్ళి ఎవరిదో షాపు మెట్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని స్టాండప్ కాల్‌లో మాట్లాడేవాణ్ణి. గోదావరి గట్ల మీద సిగ్నల్ కోసం కూర్చున్న ఐటీ కుర్రాళ్ళ ఫొటోలు అప్పట్లో పేపర్లలో వచ్చాయి కూడా. కాల్‌లో అవతలివైపు వాళ్ళు అడిగేవారు, ఏంటి గొడవ అని. జిల్లాకి పేరు పెట్టారని గొడవ. ఎవరి పేరు? రాజ్యాంగం రాసినాయన పేరు. అంతే, అవతల కాసేపు నిశ్శబ్దం.

అప్పటికి ప్రధాన పార్టీలన్నీ ఏదో ఒక పూట ఆ పేరుకి సరేనన్నవే. ఎవరి లెక్కలు వాళ్ళవి. అల్లర్లయ్యాక ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసుకున్నారు, అదీ మామూలే. నేను పార్టీల జోలికి పోను. ఆ పేరు పెట్టడం తప్పని కూడా నేననను. ఇళ్ళు తగలబెట్టినవాళ్ళ వైపు మాట్లాడటానికి అసలేమీ లేదు. నన్ను తొలిచే ప్రశ్న వేరు. ఇంత పెద్ద మేధావి పేరు మా ఊళ్ళల్లో విగ్రహంగా ఉంది, ఫ్లెక్సీగా ఉంది, జయంతిగా ఉంది. ఆయన ఆలోచన ఎందుకు లేదు?

మా పేటలో కొబ్బరి, కురిడీ వ్యాపారం చేసేవాళ్ళు రోజూ ధరల గురించే మాట్లాడతారు. రూపాయి విలువ ఎలా నిలబెట్టాలి, మారకం రేటు పడిపోతే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని 1923లో లండన్లో పుస్తకం అచ్చేసినాయన అంబేడ్కర్ అని వాళ్ళకి ఎవరైనా చెప్పారా? లేదు. ఆయన "వాళ్ళ" నాయకుడు. అక్కడితో తలుపేసేశారు. "వాళ్ళు" అనడానికి ఒక వైపు ఎంత ఉత్సాహమో, "మా" అనిపించుకోవడంలో అన్ని పార్టీల ఎస్సీ సెల్ నాయకులకీ అంతే ఉత్సాహం.

ఆడపిల్లల ఆస్తి సంగతి తీసుకోండి. న్యాయమంత్రిగా అంబేడ్కర్ హిందూ కోడ్ బిల్లు తెచ్చి, అది సాగనివ్వలేదని (మిగతా కారణాలూ ఉన్నాయి) 1951లో రాజీనామా చేశారు. 1952లో బొంబాయిలో ఓడిపోయారు, 1954లో భండారా ఉపఎన్నికలో ఓడిపోయారు. మా టీమువాళ్ళ లెక్క ప్రకారం ఫెయిల్డ్ పొలిటీషియన్! ఆ బిల్లు ముక్కలు ముక్కలై, పలచనై 1955-56లో చట్టాలైంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా మాత్రం అప్పటికీ రాలేదు. దాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా పూర్తి చేసింది ఎన్టీఆర్ ప్రభుత్వం, కేంద్రం 2005లో చేసింది. ఈవేళ మా పేటలో ఏ కులం ఇంట్లోనైనా కూతురు "తోటలో నా వాటా" అని అడగ్గలుగుతోందంటే ఆ తీగ లాగితే కదిలే డొంక ఎక్కడుందో చూడండి. ఆ పేరు వద్దన్న ఇళ్ళల్లో కూడా ఆ వాటా కాగితాలు ఉన్నాయి. లైబ్రరీ వాడుకుంటాం, రాసినవాడి పేరు మాత్రం స్క్రీన్ మీద కనపడకూడదు.

ఇంకోటి. మా అంబాజీపేట మండలం పి.గన్నవరం నియోజకవర్గంలో ఉంది, ఎస్సీ రిజర్వుడు. అమలాపురం, రాజోలు కూడా అంతే. పార్లమెంటు సీటూ రిజర్వుడే. రిజర్వుడు సీటు అంబేడ్కర్ ఇచ్చాడనుకుంటారు చాలామంది. ఆయన అడిగింది ఇది కాదు. తమ ప్రతినిధిని తామే ఎన్నుకునే ప్రత్యేక ఓటర్ల జాబితా అడిగారు. 1932 ఆగస్టులో బ్రిటిష్ వాళ్ళు దానికి ఒప్పుకున్నారు, గాంధీ గారు నిరాహార దీక్షకి కూర్చున్నారు, సెప్టెంబరు 24న పూనా ఒప్పందం అయ్యింది. సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి కానీ ఓటర్లు ఉమ్మడి అయ్యారు. అంటే అభ్యర్థి దళితుడు, గెలిపించేది అందరూ. ఇలా గెలిచినవాడు అందరికీ నచ్చినవాడవుతాడు గానీ తనవాళ్ళ తరఫున గట్టిగా నిలబడేవాడు కాలేడని అంబేడ్కర్ తర్వాత కూడా వాదిస్తూనే ఉన్నారు. ఒప్పుకోండి, ఒప్పుకోకపోండి, మా నియోజకవర్గంలో ప్రతి అయిదేళ్ళకీ టిక్కెట్టు ఎవరికివ్వాలో ఎవరు తేలుస్తున్నారో చూసినవాళ్ళకి ఆ వాదన పాతది అనిపించదు.

ఇవన్నీ మాకు ఎవరు చెప్పాలి? ఢిల్లీనుంచి ప్రొఫెసర్లు రానక్కర్లేదు. మా కోనసీమలోనే కాట్రేనికోన మండలం కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం గారున్నారు. కవి, లాయరు. ఎమర్జెన్సీలో జైలుకెళ్ళారు. 1985 జూలై 17న కారంచేడులో దళితుల్ని చంపినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్నారు, రాజీనామా చేసి బయటికొచ్చారు. దళిత మహాసభ పుట్టిన రోజులవి. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం వెనక కారంచేడు ఉందని అందరూ ఒప్పుకుంటారు. సుప్రీంకోర్టులో ఆ కేసు తేలేసరికి 2008. తారకం గారు 2016 సెప్టెంబరులో పోయారు. నేను అమలాపురంలో ఇంటర్ చదివిన రెండేళ్ళలో ఒక్క మాస్టారు నోటంట కూడా ఆయన పేరు వినలేదు. పక్క మండలంవాడు!

ఆయన రాసినవాటిలో "పోలీసులు అరెస్టు చేస్తే" అని ఒక పుస్తకం ఉంది. పోలీసులొచ్చి తీసుకెళ్తే మామూలు మనిషికి ఏ హక్కులున్నాయో, ఏం అడగాలో, ఎవరికి చెప్పాలో తేలిక తెలుగులో. సిద్ధాంతాల చర్చ కాదు, యూజర్ మాన్యువల్. మేధావి అంటే నా నిర్వచనం ఇదే, తనకి తెలిసింది అవతలివాడి చేతికి పనిముట్టుగా ఇవ్వగలిగినవాడు.

2022 మే, జూన్లలో ఆ పుస్తకం కోనసీమలో ఎవరికి కావలసొచ్చిందో తెలుసా? ఆ పేరు వద్దని ఊరేగింపులో వెళ్ళిన కుర్రాళ్ళ అమ్మానాన్నలకి. వందల్లో అరెస్టులయ్యాయి. వాట్సాప్ మెసేజీలు, సీసీ కెమెరాలు చూసి ఇళ్ళకొచ్చారు. నిజంగా రాళ్ళేసినవాడెవడో, చూడ్డానికెళ్ళినవాడెవడో తేలకముందే అందరూ పరుగులు. మాకు తెలిసినవాళ్ళబ్బాయి, డిగ్రీ రెండో సంవత్సరం, మూడు వారాలు ఎక్కడెక్కడో చుట్టాలిళ్ళల్లో ఉన్నాడు. వాళ్ళమ్మగారు మా ఇంటికొచ్చి "బాబూ, నువ్వు కంప్యూటర్లు చదివేవు కదా, వాడి పేరు ఎక్కడన్నా ఉందేమో చూసి పెట్టవా" అని అడిగారు. కంప్యూటర్లు చదివితే అన్నీ తెలుస్తాయని ఆవిడ నమ్మకం. ఆవిడకి కావలసింది నేను కాదు, కందికుప్ప లాయరు గారి పుస్తకం. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం ఆ ఊళ్ళో ఆ నెలలో ఎవరికీ లేదు.

ఇప్పుడు మళ్ళీ మా టీము దగ్గరికి. మేధావులు పనికిరారు అన్నాక తర్వాతి వాక్యం ఎప్పుడూ "వ్యూహకర్తలు కావాలి" అనే. డేటా, సర్వేలు, డాష్‌బోర్డులు. 2019లో ఐప్యాక్ పనితీరు గురించి మావాళ్ళు చెప్తుంటే కళ్ళు మెరుస్తాయి, మన బాపతు కుర్రాళ్ళే కదా అక్కడ పనిచేసింది. ఆ సంస్థతో పేరు తెచ్చుకున్న ప్రశాంత్ కిశోర్ సొంత పార్టీకి 2025 బీహార్ ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదన్నది వేరే సంగతి. వ్యూహకర్తకీ మేధావికీ తేడా ఏంటంటే, జనం ఇప్పుడు ఏమనుకుంటున్నారో మొదటివాడు కొలుస్తాడు. జనం ఇంకా అనుకోనిదాన్ని రెండోవాడు చెప్తాడు, చెప్పి తిట్లు తింటాడు. జయశంకర్ సారు 1952 నుంచీ ఒకే మాట చెప్పారు. ఆయన 2011 జూన్లో పోయారు, రాష్ట్రం 2014లో వచ్చింది. ఏ సర్వేలోనూ 1975లో ఆ మాటకి మార్కులు పడి ఉండవు. (తెలంగాణ మంచిదా కాదా అన్న గొడవ ఇక్కడొద్దు, దానికి ఇంకో రోజు చూసుకుందాం.)

అమలాపురం గొడవలో రెండు వైపులా మెసేజీలు తయారుచేసినవాళ్ళలో మనలా బీటెక్ చదివినవాళ్ళు లేరని నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. మా సీనియర్ ఒకాయన ఈ మాటంటే "అయితే మనం కూడా మేధావులమేగా, మన ప్రభావమూ ఉన్నట్టేగా" అని నవ్వేశారు. ఆయన జోకుకే అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు.

చివరగా ఒక చిన్న సాయం. "పోలీసులు అరెస్టు చేస్తే" నాలుగైదు కాపీలు కావాలి, పాతవైనా ఫర్వాలేదు. హైదరాబాదులో నేను తిరిగిన రెండు మూడు షాపుల్లో దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే, ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి. సంక్రాంతికి ఊరెళ్తున్నా. ఒకటి ఆ కుర్రాడి వాళ్ళమ్మగారికి ఇవ్వాలి, మిగతావి టీ కొట్లో పేపర్ల పక్కన పెట్టాలని ఆలోచన. కొట్టాయన ఒప్పుకుంటాడో లేదో చూడాలి.